ఏ డబ్బాలో వేయాలి ఉత్తరం?

ఈ ప్రత్యేక సంచికకు పాత రోజుల మీద ఒక చరిత్ర వ్యాసం రాయమని సంపాదకవర్గం వారు అడిగారు. ముల్కీ నిబంధనల గురించి, వేతన సవరణ పోరాటాల గురించి రాయగల మిత్రులు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను సర్వీసులో ఎక్కువకాలం కూర్చున్నది ఔట్‌వర్డ్ సీటులో. కనుక బయటకు వెళ్ళే ఉత్తరం గురించే రాస్తాను. నిజాం కాలపు టపాతో మొదలుపెట్టి, మనం బెంగుళూరులో కొడుకు దగ్గరకో డల్లస్‌లో కూతురు దగ్గరకో వెళ్ళినప్పుడు 'ఔట్‌బాక్స్'లో ఇరుక్కుపోయే ఈమెయిలు దాకా వస్తాను. ఈ రెండింటికీ పొంతన ఏమిటని నవ్వుకోకండి. ఓపిగ్గా చదివితే రెండు చోట్లా ఉన్నది ఒకే చిక్కు అని మీరే ఒప్పుకుంటారు.

ఒకే ఊరు, రెండు టపాలు

నిజాం సంస్థానానికి సొంత రైలు, సొంత నాణెం ఉన్నట్టే సొంత టపా కూడా ఉండేది. మొదటి సాలార్‌జంగ్ దివానుగా ఉన్న కాలంలో, 1869లో, హైదరాబాదు మొదటి తపాలా బిళ్ళ వెలువడింది. దాని విలువ ఒక అణా. 1871లో వచ్చిన బిళ్ళల మీద ఉర్దూ, ఇంగ్లీషు, తెలుగు, మరాఠీ అక్షరాలు నాలుగూ కనిపిస్తాయి. సంస్థానంలో ఎన్ని భాషల జనం ఉన్నారో ఆ చిన్న కాగితం ముక్క చెబుతుంది. 1931లో బొమ్మల బిళ్ళలు వచ్చాయి. అణా బిళ్ళ మీద చార్మినార్, రెండణాల మీద హైకోర్టు, నాలుగణాల మీద ఉస్మాన్‌సాగర్, ఎనిమిదణాల మీద అజంతా గుహల ద్వారం.

ఇంత అందమైన బిళ్ళకూ ఒక హద్దు ఉండేది. సంస్థానం సరిహద్దు దాకానే దాని చెల్లుబాటు. షాలిబండలో ఉన్న మనిషి వరంగల్లుకో గుల్బర్గాకో రాసుకుంటే నిజాం బిళ్ళ సరిపోతుంది. అదే మనిషి బెజవాడకో మద్రాసుకో రాయాలంటే బ్రిటిష్ ఇండియా బిళ్ళ అంటించి, ఆ టపాకు అప్పగించాలి. ఆ టపా అడ్డా మూసీకి అవతల, రెసిడెన్సీ వైపు, సికింద్రాబాదు కంటోన్మెంటు వైపు. డబ్బులోనూ ఇదే తంతు. ఇక్కడి హాలీ రూపాయలు ఏడు ఇస్తే అక్కడి కల్దార్ రూపాయలు ఆరు.

అంటే ఉత్తరంలో ఏం రాశామన్నది తర్వాతి సంగతి. దాన్ని ఎక్కడ నిలబడి ఎవరి డబ్బాలో వేస్తున్నామన్నది ముందు తేలాలి. రాసిన మనిషి అతడే, చేరవలసిన చిరునామా అదే. మధ్యలో రెండు వ్యవస్థలు ఉన్నాయి కాబట్టి, తప్పు డబ్బాలో పడితే కదలదు.

1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత సంస్థానం భారత యూనియన్‌లో కలిసింది. 1950 ఏప్రిల్ 1 నుంచి నిజాం బిళ్ళల స్థానంలో భారత తపాలా బిళ్ళలే వచ్చాయి. అప్పటి నుంచి మన తరానికి ఈ బాధ తెలియదు. గౌలిపురా ఎర్రడబ్బా అయినా, గౌహతి ఎర్రడబ్బా అయినా ఒకటే. ఎక్కడికి ప్రయాణం చేస్తే అక్కడ కనబడిన డబ్బాలో వేస్తాం. వేసింది ఎవరని డబ్బా అడగదు. మనకు ఎంత అలవాటైపోయిందంటే, ఇది ఒక సౌకర్యమని కూడా గుర్తించం.

క్యాంపు క్లర్కుకు తెలిసిన రహస్యం

ఆఫీసు ఉత్తరాల దారి మాత్రం వేరు. ఔట్‌వర్డ్ రిజిస్టరులో నంబరు పడకుండా ఏ కాగితమూ గడప దాటేది కాదు. నంబరు, తేదీ, సంతకం, ముద్ర, ఆపైన సర్వీసు స్టాంపులు. అధికారి జిల్లా పర్యటనలో ఉన్నప్పుడు ఏం చేసేవారో మనవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. లెటర్‌హెడ్ కుడివైపు 'క్యాంపు: మహబూబ్‌నగర్' అని టైపు చేసేవాళ్ళం. కానీ ఫైలు నంబరు హెడ్డాఫీసుదే, ముద్ర హెడ్డాఫీసుదే. మహబూబ్‌నగర్ తహసీల్దారు ముద్ర వేసి మన అధికారి ఉత్తరం పంపితే ఎవరు నమ్ముతారు? అధికారి ఏ ఊళ్ళో ఉన్నా ఉత్తరం తన ఆఫీసు పేరు మీదనే వెళ్ళాలి. ఈ 'క్యాంపు' మాటను గుర్తుంచుకోండి. ఈమెయిలు ప్రపంచం ఈ పద్ధతికి రావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

తలుపులు తీసి ఉన్న రోజులు

ఒక కంప్యూటరు నుంచి మరో కంప్యూటరుకు నెట్‌వర్కు మీద ఉత్తరం పంపే పనిని 1971లో అమెరికాలో రే టామ్లిన్‌సన్ చేసి చూపాడు. మనిషి పేరుకూ యంత్రం పేరుకూ మధ్య ఆయన పెట్టిన '@' గుర్తే నేటికీ మన చిరునామాల్లో ఉంది. ఉత్తరాలు ఒక యంత్రం నుంచి మరో యంత్రానికి ఎలా అందించుకోవాలో 1982 ఆగస్టులో జాన్ పోస్టెల్ ఒక నియమావళి రాశాడు. ఇంటిపేరులోనే పోస్టు ఉన్న మనిషి. ఆ నియమావళినే ఎస్.ఎం.టి.పి. అంటారు. దానికి కేటాయించిన ద్వారం నంబరు 25. సాంకేతిక భాషలో పోర్టు 25.

మన భాషలో 'అంచె' అని మంచి మాట ఉంది. టపా సంచి మోసేవాడు కొంతదూరం పరుగెత్తి తర్వాతివాడికి అందించే మజిలీ అది. ఎస్.ఎం.టి.పి. కూడా అంచె పద్ధతే. ఒక యంత్రం ఉత్తరం తీసుకుని తర్వాతి యంత్రానికి అందిస్తుంది. ఆ రోజుల్లో నెట్‌వర్కు మీద ఉన్నవి విశ్వవిద్యాలయాలు, పరిశోధన సంస్థలు. అందరూ తెలిసినవాళ్ళే. కనుక 25వ ద్వారం దగ్గరకు ఎవరు ఉత్తరం తెచ్చినా 'నువ్వెవరు?' అని అడగకుండా తీసుకుని ముందుకు పంపేవారు. అచ్చం మన ఎర్రడబ్బా లాగే.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. మనకు వచ్చిన ఉత్తరాలు తీసుకోవడానికి మొదటి నుంచీ పాస్‌వర్డు కావాలి. పోస్టాఫీసులో పోస్టుబాక్సు తాళం చెవి లాంటిది అది. పంపడానికి మాత్రం ఏదీ అక్కర్లేదు. ఇన్‌వర్డ్‌కు తాళం ఉంది, ఔట్‌వర్డ్‌కు లేదు. తర్వాతి కథంతా ఈ తేడాలోంచి పుట్టింది.

మన దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్టు 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా వచ్చింది. టెలిఫోను లైనుకు మోడెమ్ తగిలించి, అది కీచుమని కూసి, అవతలివాడు పలికితే అప్పుడు ఉత్తరం కదిలేది. 1998 నవంబరులో ప్రైవేటు కంపెనీలకు కూడా అనుమతి ఇచ్చారు. అదే నెల 22న మన సైబర్ టవర్స్ ప్రారంభమైంది. పాతబస్తీలో గల్ఫ్‌కు మనుషుల్ని పంపిన ఇళ్ళు ఎన్నో. జెద్దా నుంచి ఉత్తరం కోసం రోజుల తరబడి వాకిట్లో చూసిన తల్లులు, నెట్ సెంటరులో కుర్రవాడి పక్కన కుర్చీ వేసుకుని అదే రోజు జవాబు చదివించుకునే కాలం వచ్చింది.

తలుపులు మూసిన రోజులు

తీసి ఉన్న తలుపులోంచి దొంగ కూడా వస్తాడు. 1978 మే నెలలోనే ఒక కంప్యూటరు కంపెనీ అమ్మకాల ఉద్యోగి నాలుగు వందల మందికి ఒకేసారి ప్రకటన ఉత్తరం పంపి అందరి చేతా తిట్లు తిన్నాడు. 1990లు వచ్చేసరికి ఇది వ్యాపారంగా మారింది. ఎవడో ఒకడు ఏదో దేశంలో తలుపు తీసి ఉన్న యంత్రాన్ని వెతికి, దాని మీదుగా లక్షల చెత్త ఉత్తరాలు పంపేవాడు. ఖర్చు యంత్రం వాళ్ళది, చెడ్డపేరూ వాళ్ళదే.

దాంతో ద్వారపాలకులు మేలుకున్నారు. ఉత్తరాలు మోసే యంత్రాల్లో అప్పట్లో చాలా వాటి మీద నడిచిన ప్రోగ్రాము సెండ్‌మెయిల్. 1998లో వచ్చిన దాని 8.9 రూపంలో, బయటివారి ఉత్తరాన్ని బయటివారికి మోసే పని ముందుగానే కట్టిపెట్టారు. నిర్వాహకుడు ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప తలుపు తెరుచుకోదు. బయటివాడు వస్తే 550 నంబరుతో 'రిలేయింగ్ డినైడ్' అని జవాబు. అంటే, నీకోసం అంచె మోయను పొమ్మనడం.

మరి ఎవరు లోపలివాడు, ఎవరు బయటివాడు? తొలుత పెట్టిన కొలత చాలా మోటుది. మా లైను మీద నుంచి వస్తే మావాడు, వేరే లైను మీద నుంచి వస్తే పరాయివాడు. ఇంట్లో కూర్చుని ఉత్తరం పంపితే ఇబ్బంది లేదు. అదే మనిషి మద్రాసులో తమ్ముడి ఇంటికి వెళ్ళి, అక్కడ వేరే కంపెనీ కనెక్షను మీద అదే ఉత్తరం పంపితే, హైదరాబాదు యంత్రం 'నువ్వు మా వీధివాడివి కావు' అని తిప్పికొట్టేది. విచిత్రం ఏమిటంటే, వచ్చిన ఉత్తరాలు మాత్రం మద్రాసులోనూ చక్కగా దిగేవి. వాటికి పాస్‌వర్డు ఉంది కదా. చదవడానికి మనవాడు, రాయడానికి పరాయివాడు!

దీనికి తోడు ఇంటర్నెట్టు కంపెనీలు మరో కట్టడి తెచ్చాయి. తమ ఖాతాదారులు తమ యంత్రాన్ని తప్ప బయటి ఏ యంత్రపు 25వ ద్వారాన్నీ తట్టకుండా చాలా కంపెనీలు దారి మూసేశాయి. ఇళ్ళలోని కంప్యూటర్లకు వైరస్ పట్టి, యజమానికి తెలియకుండానే చెత్త ఉత్తరాలు పంపుతున్నాయి కాబట్టి వారి జాగ్రత్త సబబే. ఫలితం మాత్రం ప్రయాణికుడి మీద పడింది. ఏ ఊరు వెళితే ఆ ఊరి కంపెనీ యంత్రం పేరు 'ఔట్‌గోయింగ్ సర్వర్' గడిలో రాసుకోవాలి, తిరిగి వచ్చాక మళ్ళీ మార్చుకోవాలి. ఇది నిజాం బిళ్ళ, బ్రిటిష్ బిళ్ళ కాకపోతే మరేమిటి? 1950లో వదిలిందనుకున్న చిక్కు యాభై ఏళ్ళ తర్వాత ఇంకో వేషంలో వచ్చి కూర్చుంది.

587 అనే ద్వారం

పరిష్కారం రెండు అడుగుల్లో వచ్చింది. 1998 డిసెంబరులో, ఉత్తరం అప్పగించే పనికీ అంచె మోసే పనికీ వేర్వేరు ద్వారాలు ఉండాలని నిర్ణయించారు. యంత్రాలు తమలో తాము మాట్లాడుకోవడానికి పాత 25. మనుషులు తమ ఉత్తరం తెచ్చి ఇవ్వడానికి కొత్తగా 587. తర్వాత 1999 మార్చిలో, ఉత్తరం ఇచ్చేటప్పుడు కూడా పేరు, పాస్‌వర్డు చెప్పే పద్ధతిని ప్రమాణంగా రాశారు. దీనితో ఔట్‌వర్డ్‌కూ తాళం పడింది. ఏ వీధి నుంచి వచ్చావన్న ప్రశ్న పోయింది. నువ్వెవరివి అన్న ప్రశ్న వచ్చింది.

ఇదే నేను చెప్పిన క్యాంపు పద్ధతి. అధికారి మహబూబ్‌నగర్‌లో ఉన్నా, మలేషియాలో ఉన్నా, ఉత్తరం తన హెడ్డాఫీసు యంత్రానికే వెళుతుంది. పాస్‌వర్డు అతని సంతకం. హెడ్డాఫీసు నంబరు వేసి లోకానికి పంపుతుంది. క్యాంపు ఊరి యంత్రంతో పనే లేదు. దారిలో ఎవరూ చూడకుండా ఉత్తరాన్ని, పాస్‌వర్డును సీలు కవరులో పెట్టినట్టు రహస్య లిపిలోకి మార్చే ఏర్పాటూ ఉంది. ఆ సీలు కవరు పనికే 465 అని మరో ద్వారం వాడుకలో ఉండేది. దానిని 2018లో ప్రమాణంగా గుర్తించి సిఫారసు చేశారు.

1996 జులై 4న సబీర్ భాటియా, జాక్ స్మిత్ మొదలుపెట్టిన హాట్‌మెయిల్ ఈ చిక్కును మరోవైపు నుంచి దాటేసింది. అక్కడ ఉత్తరం రాయడమే వాళ్ళ యంత్రం మీద. మన చేతిలో ఉన్నది కిటికీ మాత్రమే. కిటికీ ఏ ఊళ్ళో తెరిచినా ఆఫీసు ఒకటే. నెట్ సెంటర్లలో జనం దానికి అంత త్వరగా అలవాటు పడడానికి ఇదొక ముఖ్య కారణం. తర్వాత 2004లో జీమెయిల్ వచ్చింది.

మన పెన్షనర్లకు ఇందులో ఏముంది?

చాలా ఉంది. కొన్నేళ్ళ క్రితం ఒక పెన్షనర్ల సంఘం కార్యదర్శి గారు బెంగుళూరులో కొడుకు ఇంటికి వెళ్ళారు. వైద్య ఖర్చుల వాపసు విషయంలో సంఘం తరఫున గడువులోగా ఒక అర్జీ ఈమెయిలులో వెళ్ళాలి. సంఘానికి సొంత పేరుతో మెయిలు చిరునామా ఉంది. ఆయన తన ల్యాప్‌టాప్‌లో అర్జీ రాసి 'సెండ్' నొక్కారు. రెండు రోజులు గడిచాయి. అది ఔట్‌బాక్స్‌లోనే ఉంది. ఎన్నడో ఎవరో పెట్టిన 25వ ద్వారమే అందులో ఉండిపోయింది. బెంగుళూరు కనెక్షను ఆ దారి మూసి ఉంచింది.

"నాన్నా, మా ఇంటి కనెక్షన్ వాళ్ళ సర్వరు పెట్టేస్తా, వెళ్ళిపోతుంది" అన్నాడట కొడుకు. వెళ్ళింది. అవతలి ఆఫీసులో మాత్రం చెత్తబుట్టలో పడింది. ఎందుకంటే, ఫలానా సంఘం పేరుతో ఉత్తరాలు పంపడానికి ఫలానా యంత్రాలకే అధికారం ఉందని జాబితా ప్రకటించే పద్ధతులు తర్వాత వాడుకలోకి వచ్చాయి. జాబితాలో లేని బెంగుళూరు యంత్రం సంఘం పేరుతో ఉత్తరం తెస్తే, తహసీల్దారు ముద్రతో మన అధికారి ఉత్తరం వచ్చినట్టే. ఎవరు నమ్ముతారు? చివరికి ఫోనులో ఒకరు చెబితే, సర్వరు పేరు మళ్ళీ సంఘానిదే పెట్టి, ద్వారం 587 చేసి, 'పంపడానికి కూడా పాస్‌వర్డు అవసరం' అన్న గడిలో టిక్కు పెట్టారు. అర్జీ గడువు చివరి రోజు సాయంత్రం చేరింది. ఆ గడువు దాటి ఉంటే ఎంతమంది బిల్లులు ఆగేవో మీరే ఊహించుకోండి.

అర్జీ చేరిందా లేదా అన్నది మన వయసులో చిన్న విషయం కాదు. అందుకని ప్రయాణానికి ముందు చూసుకోవలసినవి కొన్ని రాస్తున్నాను.

ఫోనులో జీమెయిల్ వంటి వారి సొంత యాప్ వాడేవారికి ఈ గడులన్నీ అదే నింపుకుంటుంది. మీరు ముట్టుకోనక్కరలేదు. ల్యాప్‌టాప్‌లో వేరే మెయిలు ప్రోగ్రాము వాడేవారు, సంఘానికో సంస్థకో సొంత చిరునామా ఉన్నవారు, ఔట్‌గోయింగ్ సర్వరు గడిలో తమ మెయిలు సంస్థ యంత్రం పేరే ఉందో లేదో చూసుకోవాలి. ఉన్న ఊరి ఇంటర్నెట్టు కంపెనీ పేరు అక్కడ ఉండకూడదు. ద్వారం 587 లేదా 465 ఉండాలి. పాస్‌వర్డు టిక్కు ఉండాలి. చాలా చోట్ల యూజర్ పేరు అంటే పూర్తి ఈమెయిలు చిరునామా. వ్యక్తిగత జీమెయిల్ ఖాతాలకు 2022 మే చివరి నుంచి బయటి ప్రోగ్రాములలో మామూలు పాస్‌వర్డు పనిచేయడం లేదు. గూగుల్ పేజీలోంచే సైన్ ఇన్ కావాలి, లేదా ఖాతాలోంచి 16 అక్షరాల ప్రత్యేక పాస్‌వర్డు తీసుకోవాలి.

హోటల్లోనో విమానాశ్రయంలోనో వై-ఫై కలిసినా ఉత్తరం కదలకపోతే, ముందు బ్రౌజరు తెరవండి. వాళ్ళ పేజీలో గది నంబరో ఫోను నంబరో ఇచ్చేదాకా ఏ ద్వారమూ తెరుచుకోదు.

విదేశాలకు వెళ్ళేవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. అక్కడ మన సిమ్ పనిచేయకపోతే ఓటీపీ రాదు. ఓటీపీ రాకపోతే సొంత ఖాతాలోకే వెళ్ళలేం. బయలుదేరకముందే బ్యాకప్ కోడ్లు తీసి, కాగితం మీద రాసి, పాస్‌పోర్టు పక్కన కాకుండా వేరే చోట భద్రపరచుకోండి. వెళ్ళేముందు ఇంటి వై-ఫై ఆపేసి, ఫోను డేటా మీద మీకు మీరే ఒక ఉత్తరం పంపి చూసుకోండి. ఇల్లు దాటకుండానే పరాయి నెట్‌వర్కు మీద పరీక్ష అయిపోతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటి. ఉత్తరం వెళ్ళడం లేదని విసిగి, నెట్ సెంటరు కుర్రవాడికో ఫోనులో 'కస్టమర్ కేర్' అని మాట్లాడేవాడికో పాస్‌వర్డు చెప్పకండి. పాతకాలంలో ఔట్‌వర్డ్‌కు తాళం లేదు కనుక దొంగ ఎవరి పేరైనా పెట్టుకుని పంపేవాడు. ఇప్పుడు తాళం ఉంది. ఆ తాళం చెవి చేతికిస్తే, వాడు మన పేరుతో మన పెన్షను ఆఫీసుకే రాయగలడు. గెజిటెడ్ అధికారి రబ్బరు స్టాంపును ఎవరైనా బయటివాడి చేతిలో పెడతామా? ఇదీ అంతే.

నిజాం రోజుల్లో ఉత్తరం కదలాలంటే మనిషి ఏ గట్టున నిలబడ్డాడో చూసేవారు. 1950 తర్వాత ఏ గట్టైనా ఒకటే అయింది. ఈమెయిలు మొదట ఎవరినీ ఏమీ అడగలేదు, తర్వాత నువ్వు ఏ గట్టున ఉన్నావని అడిగింది, చివరికి నువ్వెవరివని అడగడం నేర్చుకుంది. ఆ ప్రశ్నకు జవాబు మన దగ్గర భద్రంగా ఉన్నంతకాలం, మనం ఏ ఊళ్ళో ఉన్నా మన ఉత్తరం మన పేరు మీదనే వెళుతుంది. 'క్యాంపు: డల్లస్' అని పైన రాసుకోవడం మీ ఇష్టం.